డాక్టరు ముందు రాని దడ

మొదటిసారి నా గుండె దడదడలాడినప్పుడు నేను తొమ్మిదో తరగతికి గుణసంధి చెబుతున్నాను. చాక్‌పీసు చేతిలోంచి జారి బల్ల కిందకు దొర్లింది. వంగి తీసుకుని లేచానో లేదో, గుండె ఒక్కసారిగా పరుగందుకుంది. మెట్లెక్కినప్పుడు కొట్టుకున్నట్టు కాదు, భయపడినప్పుడు కొట్టుకున్నట్టూ కాదు. ఎవరో లోపల స్విచ్చి వేసినట్టు. మెడలో, చెవుల్లో, చివరికి పళ్ల చిగుళ్లలో కూడా అదే చప్పుడు.

పిల్లల ముందు పరువు పోకూడదని బోర్డు మీద "మహేంద్రుడు" అని రాసి, దాన్ని విడదీయకుండానే కుర్చీలో కూలబడ్డాను. మేడంగారు ఈ రోజు తమచేతే చెప్పిద్దామనుకుంటున్నారని పిల్లలు అనుకున్నారు. ముందు బెంచీల వాళ్లు మహా, ఇంద్రుడు అని బుద్ధిగా విడదీశారు. వెనక బెంచీల వాళ్లు ఆ ఇంద్రుణ్ణి ఇంకా చిన్న చిన్న ముక్కలు చేశారు. ఆ గోలలోనే దడ టక్కున ఆగిపోయింది, స్విచ్చి తీసేసినట్టు. ఆ వెంటనే బాత్రూంకి వెళ్లాలనిపించింది, అదీ ఆగలేనంతగా. మా స్కూల్లో దాని తాళంచెవి హెడ్మాస్టరుగారి గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి, మాటా పలుకూ లేకుండా తాళం లాక్కుని వెళ్లడం చూసి, ఆయన చేతిలో ఉన్న రిజిస్టరు కింద పడేశారు. ఆయన గుండె కూడా ఆ రోజు కాస్త వేగంగానే కొట్టుకుని ఉంటుంది.

మాది సత్తెనపల్లి. మా ఆయనది పరుపుల దుకాణం. దూదేకడం వాళ్ల తాతల నాటి పని. అప్పుడు వింటినారితో ఏకేవాళ్లట, ఇప్పుడు మిషను పెట్టారు. చుట్టూ పత్తి పండే పల్లెలే కాబట్టి దూదికి కొదవ లేదు. నేను పక్క ఊరి ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. ముగ్గురమే అయినా మా ఇంట్లో అభిప్రాయాలు ఎప్పుడూ నాలుగుకి తక్కువ ఉండవు. అత్తగారికి రెండు ఉంటాయి.

దడ సంగతి ఆ సాయంత్రం చెప్పగానే మా ఆయన నా మొహం వంక చూడలేదు. మంచం వంక చూశారు.

"దిండు ఎత్తెక్కువైంది," అన్నారు.

"దిండుకీ గుండెకీ ఏంటండీ సంబంధం?"

"మెడ వంగితే నరం నొక్కుకుంటది. నరం నొక్కుకుంటే గుండె కంగారు పడదా?"

పరుపులవాడికి లోకంలోని జబ్బులన్నీ పడకలోనే పుడతాయి. మర్నాటికి నాకు పలచటి దిండు వచ్చింది. దడ తగ్గకపోయేసరికి బూరుగుదూది దిండు వచ్చింది. ఆ తర్వాత గుండ్రంగా దిమ్మలా ఒకటి కుట్టించారు. దాని మీద తల పెడితే తల దొర్లిపోయేది. రాత్రంతా దిండును పట్టుకోవడమే సరిపోయేది నాకు. కొన్నాళ్లకు మా మంచం మీద నాకు తప్ప అన్ని రకాల దిండ్లకూ చోటు దొరికింది.

అత్తగారి మాట వేరు. "దిష్టే. ఆ కొత్త చీర కట్టుకుని బస్టాండులో నుంచున్నప్పుడే అనుకున్నా," అన్నారు. ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేశారు. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదని ఆవిడ లెక్క. కానీ మా వైపు కాయ సంగతి తెలిసిందే. వంటింట్లో నిలవలేక ముగ్గురం దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తాం. ఎదురింటి వాళ్లు కిటికీలు వేసుకున్నారు. ఘాటు వచ్చింది కాబట్టి దిష్టి లేదని తేలినట్టే కదా అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"ఈ కాయతో తేలదమ్మాయ్. ఇది దిష్టి ఉన్నా మండుద్ది, లేకపోయినా మండుద్ది. కాస్త కారం తక్కువ కాయ చూడాలి," అన్నారావిడ.

ఊరి నిండా మిరపకాయలున్న చోట కారం లేని మిరపకాయ కోసం అత్తగారు నాలుగిళ్లు తిరిగి వచ్చారు. ఎవరింటికి వెళ్లినా, తమ చేలో అలాంటి కాయ ఉందని అనడమే వాళ్లకు పరువు తక్కువ అయిపోయింది. ఒకావిడైతే రెండు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. చివరికి అత్తగారు దర్గా దగ్గర నుంచి తాయెత్తు తెచ్చి నా చేతికి కట్టి, ఆ సంగతి అంతటితో వదిలేశారు.

స్కూల్లో లెక్కల టీచరమ్మ నాకు మంచి స్నేహితురాలు. ఆవిడది ఒకటే మాట: "మీరు టీ మానెయ్యండి మేడం. పైగా టెన్షన్ పెట్టుకుంటారు." టీ మానేశాను. టీ మానేసిన మొదటి వారం దడ రాలేదు గానీ, వచ్చినవాళ్లందరి మీదా కోపం వచ్చింది. రెండో వారం దడ కూడా వచ్చింది. చీపురు కోసం వంగినప్పుడు ఒకసారి, చెప్పు పట్టీ పెట్టుకుంటూ ఒకసారి. ఒక్కోసారి పది నిమిషాల్లో పోయేది, ఒక్కోసారి కూరగాయలన్నీ తరిగేదాకా ఉండేది. వచ్చినప్పుడల్లా ఒంట్లో శక్తి అంతా పిండేసినట్టుండేది. చచ్చిపోతానేమో అని కూడా అనిపించేది. ఆ మాట పైకి అంటే మా ఆయన ఇంకో దిండు కుడతారని అనలేదు.

మా ఊరి డాక్టరుగారు పెద్దాయన, మంచివారు. ఈసీజీ తీశారు. అంతా బాగుంది అన్నారు. బాగుండదా మరి? నేను వెళ్లేసరికి దడ ఆగిపోయి అప్పటికి గంటైంది.

"దడ ఉండగా వస్తే తెలుస్తుందమ్మా. ప్రస్తుతానికి టెన్షన్ పడకండి," అన్నారాయన.

టెన్షన్ పడకండి అన్నాక నాకు కొత్త టెన్షన్ పట్టుకుంది, నేను టెన్షన్ పడుతున్నానా అని. క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగి, ఇప్పుడు పడుతున్నానా, లేదా అని చూసుకునేదాన్ని.

దడ ఉండగా రమ్మన్నారు కదా అని మా ఆయన ఏర్పాట్లు మొదలుపెట్టారు. పరుపులు చేరవేసే ట్రాలీ ఆటో ఒకటి ఉంది మాకు. ఒక ఆదివారం గిన్నె కోసం వంగితే దడ మొదలైంది. "ఏవండీ, వచ్చింది!" అని అరిచాను. ఆయన బయటికొచ్చి చూస్తే ట్రాలీలో డెలివరీకి సిద్ధంగా రెండు కొత్త పరుపులు కట్టి ఉన్నాయి. దించే టైము లేదు. నన్ను ఆ పరుపుల మీదే పడుకోబెట్టి, పడిపోకుండా అత్తగారిని పక్కన కూర్చోబెట్టి, హారన్ కొట్టుకుంటూ బయల్దేరారు.

ఆకాశం కేసి చూస్తూ సత్తెనపల్లి మెయిన్ రోడ్డు మీద పరుపుపై పడుకుని వెళ్లిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆదివారం సంత రద్దీ. జనం రెండు పక్కలా నిలబడి చూస్తున్నారు. దుకాణం ప్రచారం అనుకున్నారు.

"ఏరా, మీ ఆవిణ్ణే పెట్టావా అడ్వర్టైజ్‌మెంటుకి?" అని మా ఆయన స్నేహితుడెవరో కేకేశాడు.

ఇంకొకావిడ ఆటో పక్కనే నడుస్తూ, "మెత్తగా ఉందా అమ్మా? నడుం నొప్పికి పనికొస్తదా?" అని అడిగింది.

గుండె గొంతులో కొట్టుకుంటుంటే నేనేం చెప్పను? అత్తగారే చెప్పారు. "అసలు సిసలు పత్తి. కావాలంటే రేపు కొట్టుకి రా."

రైలు గేటు పడింది. గూడ్సు బండి ఒకటి ఏ తొందరా లేకుండా వెళ్తోంది. నేను పెట్టెలన్నీ దాటేదాకా ఓపిక పట్టాను, దడా పట్టింది. గేటు లేచింది, సందు తిరిగాం, క్లినిక్ బోర్డు కనబడింది, ఆటో ఆగింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. టక్. ఆగిపోయింది.

"ఉందా?" అన్నారు మా ఆయన, ఆయాసపడుతూ.

"పోయింది."

"ఇంకో నిమిషం ఆగొచ్చుగా!" అన్నారు. నన్నో, గుండెనో తెలియదు.

ఈసీజీ మళ్లీ బాగుంది. డాక్టరుగారు మళ్లీ టెన్షన్ గురించి చెప్పారు. నేను బాత్రూం ఎక్కడని అడిగాను. అత్తగారు మాత్రం బయటికొచ్చాక ఆ రోజుకి ఒక పరుపు అమ్ముడుపోయినట్టేనని సంతోషించారు.

ఇలా మూడుసార్లయ్యాక అత్తగారే ఒక ఉపాయం చెప్పారు. దడ వచ్చాక క్లినిక్‌కి పోవడం కాదు, క్లినిక్‌లోనే ఉండి దడ కోసం చూడాలి. శనివారం మధ్యాహ్నం పరీక్ష పేపర్లు పట్టుకుని వెళ్లి ఆ వరండాలో కూర్చున్నాను. కావాలని మాటిమాటికీ వంగాను, లేచాను. కింద ఏమీ పడకపోయినా తీస్తున్నట్టు నటించాను. ఏమీ జరగలేదు. పేపర్లు దిద్దుతూ కూర్చున్నందుకు వచ్చినవాళ్లంతా నన్ను అక్కడి మనిషినే అనుకున్నారు. ఒక ముసలాయన తన మందుల చీటీ నా చేతికిచ్చి, తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడిగాడు. తెలియదంటే నమ్మలేదు. "పెద్ద చదువులు చదివి ఇంత గర్వం పనికిరాదమ్మా," అని వెళ్లిపోయాడు.

అప్పుడు లెక్కల టీచరమ్మే పోరుపెట్టి గుంటూరు పంపింది. అక్కడి గుండె డాక్టరు మా అమ్మాయి కంటే ఓ పదేళ్లు పెద్దదేమో, అంతే. బల్ల అవతల కూర్చుని అన్నీ నిదానంగా విన్నది. తర్వాత ఆమె అడిగినవి ఇంతకుముందు ఎవరూ అడగలేదు.

"మెల్లగా మొదలై పెరుగుతుందా, ఒక్కసారిగా వస్తుందా?"

"ఒక్కసారిగా."

"ఆగడం?"

"అదీ ఒక్కసారిగానే."

"మెడలో కొట్టుకుంటున్నట్టు ఉంటుందా?"

"ఉంటుంది."

"ఆగిపోయాక బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందా?"

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నా వైపు చూశారు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు నేను. ఈవిడకెలా తెలిసింది? సోది చెప్పేవాళ్ల దగ్గర కూర్చున్నట్టు అనిపించింది.

"వస్తుందండీ," అన్నాను, గొంతు తగ్గించి.

"సరే. ఆ దడ ఎలా ఉంటుందో ఈ బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించండి."

కొట్టాను. టకటకటకటక.

"అంత స్పీడు ఉండదు," అన్నారు మా ఆయన. "నేను చెయ్యి పెట్టి చూశానండీ. ఇలాగ," అని ఆయన కొట్టి చూపించారు. ఆయన కొట్టింది మా దుకాణంలో మిషను చప్పుడు.

అత్తగారు ఊరుకుంటారా? "మీ ఇద్దరికీ తెలవదు. పరుపు మీద నేను పక్కనే కూర్చున్నా," అని రెండు చేతులతో అందుకున్నారు. ముగ్గురం తలో తాళం వాయిస్తుంటే బల్ల మీది పెన్నుల స్టాండు గెంతడం మొదలుపెట్టింది. నర్సు తలుపు తీసి చూసి మళ్లీ వేసేసింది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"మీదే సరిగ్గా ఉంది మేడం," అని తేల్చింది నాతో. "ఇది టెన్షన్‌లా లేదు. కానీ పట్టుకోవాలి."

పట్టుకోవడానికి నా ఛాతీ మీద బిళ్లలు అతికించి, వాటికి తీగలు తగిలించి, ఆ తీగలన్నీ ఒక చిన్న పెట్టెలో కలిపారు. హోల్టర్ అంటారట. రోజంతా గుండె ఎలా కొట్టుకుందో అది రాసిపెట్టుకుంటుంది. పెట్టె నడుముకి కట్టారు. దాని మీద పచ్చ లైటు ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి," అని పంపించారు.

ఆ మర్నాడు పొద్దున్నే మేం తుళ్లూరు వెళ్లాలి. మా ఆడపడుచు కొడుక్కి అక్కడ పెళ్లిచూపులు. పెళ్లిచూపుల్లో జబ్బుల ఊసు ఎత్తొద్దని అత్తగారు గట్టిగా చెప్పారు. కన్నకూతురికి కూడా చెప్పనివ్వలేదు. తీగలు కనబడకుండా పైట నిండుగా కప్పుకుని బయల్దేరాను.

పెళ్లికూతురి తండ్రి మాటకారి. వాళ్లింటి అరుగు మీద కూర్చుని, రాజధానికి రాబోయే రోడ్లన్నీ గాల్లో చేత్తో గీసి చూపిస్తున్నారు. ఎనిమిది లైన్ల రోడ్డు వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతుంది. ఇంకో రోడ్డు వాళ్ల పెరడు పక్క నుంచి. అమ్మాయి గురించి చెబుతూ, వంటలో తిరుగులేదన్నారు, కుట్లు అల్లికలు సరే సరన్నారు. అంతలో నేను మంచినీళ్ల గ్లాసు అందుకోవడానికి ముందుకు వంగాను. పైట జారింది. పచ్చ లైటు మినుక్కుమంది. తీగ ఒకటి జాకెట్టు అంచులోంచి బయటికి కనబడింది.

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. లైటు వంక చూశారు. నా మొహం వంక చూశారు. లేచి లోపలికెళ్లారు. లోపల గుసగుసలు. తర్వాత తెలిసిందేమిటంటే, మాటలన్నీ రికార్డు చేసే మిషను కట్టుకుని వచ్చానని వాళ్లు అనుకున్నారట. స్థలాల గొడవల్లో అలాంటివి చూసి ఉన్నారు పాపం.

తిరిగొచ్చి కూర్చున్న మనిషి వేరే మనిషి. నన్ను కాదు, నా నడుమును చూస్తూ, స్కూల్లో ఒప్పజెప్పే పిల్లాడిలా గట్టిగా, స్పష్టంగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఇందాక నేను చెప్పిన రోడ్లు ఇంకా వేయలేదండి. వేస్తారో లేదో మాకు ఖచ్చితంగా తెలియదండి. మా అమ్మాయికి వంట రాదండి. అన్నం ఒక్కటి వండుతుందండి, అది కూడా కుక్కర్లోనండి. ఈ విషయం ముందుగానే తెలియజేస్తున్నామండి."

మా ఆడపడుచుకి కంగారు పుట్టింది. ఆవిడ కూడా నా నడుము చూసింది. తన సొంత వదినే ఇలాంటి పని చేస్తుందనుకోలేదో ఏమో, కళ్లు పెద్దవయ్యాయి. అవతలివాళ్లు అన్నీ చెప్పేస్తుంటే తను దాచడం బాగుండదనుకుంది కాబోలు.

"మావాడి ఫోటో పాతదండీ," అంది, అదీ నా నడుముకే. "ఇప్పుడు ముందు జుట్టు కొంచెం పలచబడింది. ఉద్యోగం ఉంది గానీ పర్మనెంటు కాలేదు. పొద్దున లేవడు."

"అమ్మా!" అన్నాడు పెళ్లికొడుకు.

"నువ్వుండరా. అన్నీ రికార్డవుతున్నాయి."

అప్పుడు మా ఆయనకు అర్థమైంది. "అయ్యో, అది మాటల మిషను కాదండీ, గుండె మిషను!" అని విషయమంతా చెప్పేశారు.  మొదట నవ్వింది గుమ్మం వెనక ఉన్న పెళ్లికూతురే. పడీ పడీ నవ్వింది. పెళ్లికొడుకు తన పలచటి జుట్టు తడుముకుని తనూ నవ్వాడు. ఆ ఇద్దరి నవ్వు చూశాక పెద్దవాళ్లు ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. ఇవాళ్టికీ ఆ అమ్మాయి అన్నమే వండుతుంది, వాడు కూర వండుతాడు.

ఇంత జరిగినా నా గుండె ఒక్కసారి కూడా గెంతలేదు. గుంటూరులో ఆ పెట్టె విప్పి చూసి, "రోజంతా మీ గుండె చాలా ప్రశాంతంగా ఉంది," అన్నది డాక్టరమ్మ. మిగతావాళ్లందరి గుండెలకూ కట్టి ఉంటే ఎన్ని దొరికేవో.

నా దడ దొరికిన రోజున మేం నా కోసం కాదు, అత్తగారి మోకాళ్ల కోసం ఆ గుంటూరు ఆసుపత్రికే వెళ్లాం. ఎముకల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. పిలుపు వచ్చింది. అత్తగారి చెప్పు ఒకటి బెంచీ కిందకు వెళ్లిపోయింది. వంగి, చెయ్యి చాచి, చెప్పు పట్టుకుని పైకి లేచాను.

స్విచ్చి పడింది.

నా జీవితంలో దడ వచ్చినందుకు సంతోషించింది ఆ ఒక్కసారే. చేతిలో చెప్పు పట్టుకుని, "వచ్చింది! వచ్చింది!" అని అరుస్తూ వరండా వెంట గుండె డాక్టరు గది వైపు వెళ్లాను. వెనక మా ఆయన, "ఆగకు, ఆగకు! పోద్ది!" అని అరుస్తూ. ఆయన వెనక ఒంటి చెప్పుతో అత్తగారు. పక్క వార్డులో కాన్పు కోసం ఎదురుచూస్తున్న వాళ్లెవరో మా కేకలు విని, "ఎవరు పుట్టారు? ఆడపిల్లా, మగపిల్లాడా?" అని ఎదురొచ్చారు. మా ఆయన తోవ చేసుకుంటూ "ఇంకా తెలవదండీ, ఈసీజీ తియ్యాలి" అన్నారు.

నర్సు నన్ను మంచం మీద పడుకోబెట్టి బిళ్లలు అతికించేసరికి డాక్టరమ్మ పరుగున వచ్చింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు, అది బెదిరి పారిపోతుందేమోనని. మిషనులోంచి కాగితం బయటికొచ్చింది. దాన్ని చూస్తూ ఆమె మొహం, పోయిన వస్తువు దొరికినవాళ్ల మొహంలా వెలిగిపోయింది.

"దొరికింది మేడం! ఇప్పుడు ఆపేద్దాం."

ఆపడానికి ఇంజెక్షన్ ఇస్తారేమో అనుకున్నాను. సూది లేని ఖాళీ సిరంజి నా చేతికిచ్చి, గట్టిగా ఊదమన్నారు. బుగ్గలు పగిలిపోయేలా ఊదాను. ఊదుతూ ఉండగానే నర్సు మంచం తలవైపు దభాలున దించేసింది, మా ఆయన్ని నా కాళ్లు పట్టుకుని పైకెత్తమన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన నా కాళ్లు పట్టుకోవడం అదే మొదలు. పరుపు ఎత్తే అలవాటు కొద్దీ నన్ను సగం వరకూ ఎత్తేశారు.

"కాళ్లు చాలండీ, కాళ్లు చాలు!" అంటోంది డాక్టరమ్మ.

"చీర! చీర!" అంటూ అత్తగారు నా చేతిలోంచి తీసుకున్న చెప్పుతోనే నా చీర కుచ్చెళ్లు చీలమండల దగ్గర అదిమి పట్టుకున్నారు. నేను తలకిందులుగా, నోట్లో సిరంజితో, అత్తగారి చెప్పు మా ఆయన మొహానికి జానెడు దూరంలో. అలా ఉండగా టక్‌మని ఆగిపోయింది దడ.

గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. "బాత్రూం అటువైపు," అంది డాక్టరమ్మ, నేను అడగకముందే.

తిరిగొచ్చాక కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పింది. గుండెను నడిపించే కరెంటు వెళ్లడానికి మామూలుగా ఒక దారి ఉంటుంది. నాకు పుట్టుకతోనే పక్కన ఇంకో సన్నటి దారి ఉంది. అప్పుడప్పుడూ కరెంటు ఒక దారిన వెళ్లి రెండో దారిన వెనక్కి వచ్చి, గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. వంగి లేవడం లాంటివి దాన్ని మొదలుపెట్టిస్తాయి. ప్రాణానికి భయపడాల్సింది కాదు. కావాలంటే ఆ అదనపు దారిని మూసేయొచ్చు.

"ఊళ్లో ఉన్న ఒక్క రోడ్డూ గుంటలే. ఈవిడ గుండెలో రెండు రోడ్లా?" అన్నారు అత్తగారు. గొంతులో కాస్త గొప్ప కూడా వినిపించింది.

నేనడిగింది ఒక్కటే. "అయితే టెన్షన్ కాదాండీ?"

"కాదు మేడం. మీరు చెప్పిందంతా నిజమే."

ఎందుకో తెలియదు, అంతసేపూ నవ్వుతున్న నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ అందరూ మంచిగానే చెప్పారు, మంచి కోసమే చెప్పారు. కానీ నా ఒంట్లో జరిగేదానికి నేనే సాక్ష్యం చెప్పుకోవాల్సి రావడం, అది ఎవరికీ కనబడకపోవడం, నాకే నా మీద అనుమానం రావడం. అదంతా ఆ చిన్న మాటతో దిగిపోయింది. మా ఆయన జేబురుమాలు ఇచ్చారు. దానికి దూది పీచు అంటుకుని ఉంది. ముక్కు తుడుచుకుంటే తుమ్ములొచ్చాయి. ఏడుపు అక్కడితో ఆగింది.

దారి మూయించుకోవాలా వద్దా అని కొన్నాళ్లు తేల్చుకోలేకపోయాను. బడికి సెలవులిచ్చాక ఒప్పుకున్నాను. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ గుండెదాకా పంపిస్తారు. మత్తు కొంచెమే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. చల్లటి గది, పైన పెద్ద లైటు, టీవీల్లాంటివి వరసగా. డాక్టరమ్మతోపాటు ఇంకో పెద్ద డాక్టరుగారు ఉన్నారు.

"మేడం, ఇప్పుడు మేమే మీ దడను మొదలుపెడతాం. భయపడొద్దు," అన్నారాయన.

నేను లోపల నవ్వుకున్నాను. ఎన్నిసార్లు క్లినిక్ మెట్లెక్కినా మొహం చూపించనిది వీళ్లు పిలవగానే వస్తుందా? వచ్చింది. ఆయన ఏదో నొక్కారు, మోపెడు స్టార్టయినట్టు స్టార్టయింది. మళ్లీ ఏదో నొక్కితే ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఆపారు. వాళ్లకు సరదాగా ఉందేమో గానీ, నాకు మాత్రం భలే కోపం వచ్చింది, నా గుండె మీద. ఆ తర్వాత ఛాతీలో కాస్త వేడిగా, చిన్న మంటలా అనిపించింది. ఆయన మళ్లీ మొదలుపెట్టడానికి చూశారు. రాలేదు. ఇంకోసారి చూశారు. రాలేదు. "అయిపోయింది," అన్నారు.

బయటికి తీసుకొచ్చేసరికి మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. షర్టు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నారు. పొద్దున్నుంచీ అలాగే ఉన్నారో, మధ్యలో విప్పి పెట్టుకున్నారో అడగలేదు.  నా చెయ్యి పట్టుకుని మంచం వెంట గదిదాకా నడిచారు. చక్రాలు కిర్రుమంటున్నాయి.

కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దన్నారు. అత్తగారు నన్ను మంచినీళ్ల చెంబు కూడా ముట్టుకోనివ్వలేదు. చూడటానికి వచ్చినవాళ్లందరికీ నా గుండె సంగతి ఆవిడే చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఆ రెండో రోడ్డు కొంచెం కొంచెం వెడల్పయ్యేది. వచ్చినవాళ్లు బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చేవాళ్లు. బ్రెడ్డు తినలేక ఆవిడ దాంతో ఉప్మా చేశారు. అది ముగ్గురిలో ఎవరికీ నచ్చలేదు గానీ, చేసిందావిడ కాబట్టి తిన్నాం.

ఇప్పుడు దడ రావడం లేదు. అప్పుడప్పుడు గుండె ఒక్క దెబ్బ తడబడి, మళ్లీ సర్దుకుంటుంది. అలాంటిది అందరికీ ఉంటుందనీ, చాలామంది గమనించరనీ డాక్టరమ్మ చెప్పింది. నేను గమనిస్తాను. పేపర్లు దిద్దుతూ ఒక్క క్షణం ఎర్ర పెన్ను ఆపుతాను. పక్కింటి డాబా మీద మిరపకాయలు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఏమీ జరగదు. టీ కప్పు అందుకుంటాను, తర్వాతి పేపరు తీస్తాను.